దారం ఎవరు తీస్తరు

ఆగస్టు 4, సోమవారం

మా వార్డు పటం షీటు అయిపోయింది. పదకొండు రోజులు పట్టింది. జహనుమాలో పుట్టి పెరిగిన దాన్ని, రెండు రోజుల్లో తేల్చేస్తానని ఆఫీసులో గొప్పలు పోయాను. పుట్టి పెరిగిన చోటే కష్టమని ఇప్పుడు తెలిసింది. ప్రతి ఇంటి దగ్గరా ఆగిపోయి, ఈ మేడ ఎప్పుడు లేచింది, ఆ కిరాణం ఎందుకు మూతపడింది అనుకుంటూ కూర్చున్నాను.

అన్నయ్య భోజనాల దగ్గర మళ్ళీ అడిగాడు. "ఇంతకీ నువ్వు చేసేది ఏం నౌకరే?" పదోసారి చెప్పాను. ఊరికి దక్షిణాన కొత్త నగరం కడతారు, దానికి మేం పటం గీస్తున్నాం, ఏ జాగలో ఇళ్ళు, ఏ జాగలో బడి, ఏ జాగలో పార్కు అని. ఆ నగరంలో చెత్తకుప్ప అనేది కనపడకూడదట. పేటకొక కేంద్రం పెట్టి, వచ్చింది వచ్చినట్టే యంత్రంలో వేసి ఎరువు చేసేస్తారు. అలాంటివి పద్నాలుగు. అవి కట్టే ముందు ఒక నమూనా పాతబస్తీలో కట్టి చూస్తారు. అది మా వార్డులోనే కట్టాలని నేను మా పై అధికారి అమరనాథ్ గారి వెంటపడ్డాను, ఆయన సరేనన్నారు, జాగ వెతికే పని నాకే అప్పగించారు.

"జహనుమల ఖాళీ జాగనా? బండి నిలవెట్టనీకె జాగ లేదు," అని నవ్వాడు అన్నయ్య.

దొరికింది. ఒకే ఒక్కటి. 61వ నంబరు, అన్నయ్య పూజ చేసే మన గుడి వెనక, నాలుగు వందల గజాలు. చుట్టూ కూలిన పాత గోడ. ఉపగ్రహ చిత్రంలో ఉత్త మట్టి కనపడుతోంది. ఇళ్ళకు పసుపు, దుకాణాలకు నీలం, పార్కుకు ఆకుపచ్చ వేస్తాం. దానికి బూడిదరంగు వేశాను. మా లెక్కలో బూడిదరంగంటే ఖాళీ.

షీటు పంపించేశాక గుర్తొచ్చింది, అది కృష్ణమ్మ పూలు ఎండబెట్టే చోటని.

ఆగస్టు 5, మంగళవారం

అమరనాథ్ గారు షీటు బాగుందన్నారు. అందరి ముందూ అన్నారు. సెప్టెంబరు ముప్పైకి నా కాంట్రాక్టు అయిపోతుంది, ఇక ఫికర్ లేదనుకుంటున్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. సెలవు పెట్టాను. గుడిలో తెల్లవారి నుంచీ జనం, చామంతులూ బంతులూ కనకాంబరాలూ, స్వామి మెడ నిండిపోయి పాదాల దాకా. మధ్యాహ్నానికే నిర్మాల్యం ఎనిమిది గంపలైంది.

కృష్ణమ్మ వచ్చి గంపలు ఎత్తుకుపోయింది. ఇరవై రెండేళ్ళుగా అదే నడక. గుడి పక్క సందులోంచి వెనక్కి పోతుంది, కూలిన గోడ దగ్గర చెప్పులు విప్పుతుంది, ఉత్త కాళ్ళతో లోపలికి వెళ్తుంది. స్వామి మెడలోంచి తీసిన పువ్వును కాలితో తొక్కకూడదు. అందుకే గుంతల మధ్య సన్నగా దారి వదులుకుంది. నీడలో కూర్చుని ఒక్కొక్క దండా ఒళ్ళో పెట్టుకుని దారం లాగుతుంది. దారం కుళ్ళదు కదా. లాగిన దారాన్ని ఉండలుగా చుట్టి పూలు కట్టే వాళ్ళకు ఇచ్చేస్తుంది. రేకులు గుంతలో వేసి మట్టి కప్పి, నలభై రోజులకు తీసి ఎండబోసి జల్లిస్తుంది. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పూలు తెచ్చే చేవెళ్ల రైతులు పోయేటప్పుడు ఇటు వచ్చి ఆ ఎరువు పట్టుకుపోతారు. పూలు అక్కణ్ణుంచి వస్తాయి, మళ్ళీ అక్కడికే పోతాయి.

ఎండబోసినప్పుడు పైనుంచి చూస్తే అది మట్టిలాగే ఉంటుంది. చిత్రం ఏప్రిల్‌లో తీసింది. నేనేం చేయను.

"ఏం గోదమ్మా, గట్ల జూస్తున్నవ్," అంది నన్ను చూసి.

"ఏం లేదు," అన్నాను.

ఆగస్టు 11, సోమవారం

ముసాయిదా పటం బోర్డు మీద పెట్టారు. అభ్యంతరాలకు ముప్పై రోజులు. సెప్టెంబరు పది ఆఖరు.

మా వార్డులో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసిన అంజన్‌ని ఆ ఫారాలు చూపించమన్నాను. మన గుడి ఫారం తీశాను. "రోజుకు వచ్చే పూల వ్యర్థం" అన్న గడిలో సున్నా. కింద అన్నయ్య సంతకం, వామన్‌రావు అని గుండ్రంగా.

"గుడిలో పూల వ్యర్థం సున్నా అంటే నమ్మావా?" అన్నాను.

"నేను రెండుసార్లు అడిగిన మేడం. పంతులుగారు గరమైన్రు. దేవుని పూలను చెత్త అంటవా అని."

కృష్ణమ్మ ఫారం కూడా ఉంది. చెత్త పని చేసేవాళ్ళ జాబితా కోసం అడిగాడట. పేరు ఉంది, భర్త భిక్షపతి, మున్సిపాలిటీలో చేసి రిటైరయ్యాడు అని ఉంది. "చెత్త పని చేస్తారా" అన్న గడిలో "లేదు" అని ఉంది.

"ఆమె ఏమన్నదో తెలుసా మేడం? నేను చెత్త ముట్ట, దేవుని పూలు చేస్త, అన్నది. నేనేం రాయాలె మరి."

అతను రాసింది తప్పేం కాదు. అన్నయ్య చెప్పిందీ తప్పు కాదు, కృష్ణమ్మ చెప్పిందీ కాదు. అందరూ నిజమే చెప్పారు, కాగితం మీద మాత్రం అక్కడ పూలూ లేవు, పని చేసే మనిషీ లేదు. పైగా నా బూడిదరంగు.

ఆగస్టు 13, బుధవారం

అన్నయ్యతో మాట్లాడాను. ఫారం సరిచేసి ఇస్తే చాలు, రోజుకు ఇన్ని గంపల పూలు వస్తున్నాయి అని రాయి, లేకపోతే కృష్ణమ్మ జాగ పోతుంది అన్నాను.

"ఆ గడి మీద ఏమున్నది?"

"పూల వ్యర్థం."

"నిర్మాల్యం వ్యర్థం ఎట్లయితదే? పొద్దుగాల దాక స్వామి మెడల ఉన్నది. నాన్నగారు బతికుంటే నీ చెంప పగలగొట్టేవారు. నేను రాయ."

"కృష్ణమ్మ సంగతి?"

"ఆ జాగ ఎవరిదీ కాదు. ఆమెకు ఇంకో జాగ చూపిద్దాం."

ఎక్కడ చూపిస్తాడో. బండి నిలబెట్టడానికి జాగ లేదని తనే అన్నాడు. లేచిపోయాను.

ఆగస్టు 17, ఆదివారం

కృష్ణమ్మకు ఈ రోజు చెప్పాను. ఆరు రోజులు తాత్సారం చేశాను. ఆఫీసులో పని ఎక్కువ ఉంది.

గోడ మీద కూర్చున్నాను. ఆమె దారం తీస్తూ విన్నది. చెయ్యి ఆపలేదు. ఇక్కడ యంత్రాల కేంద్రం కట్టాలనుకుంటున్నారు, పటంలో ఇది ఖాళీ అని పడింది, పడకుండా చేయాలంటే నువ్వు ఇక్కడ చెత్త పని చేస్తున్నట్టు ఒక అర్జీ పెట్టాలి, చెత్త పనివాళ్ళ జాబితాలో నీ పేరు ఎక్కితే ఈ జాగ నీ వాడుకలో ఉన్నట్టు లెక్క అని చెప్పాను.

"పటంల ఖాళీ అని ఎట్ల పడ్డది?"

"ఉపగ్రహం నుంచి ఫోటో తీస్తారు. అందులో మట్టే కనపడింది."

"ఎవలేసిన్రు?"

"ఆఫీసులో వేస్తారు," అన్నాను.

ఇంకో దండ ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత చెప్పింది. "గోదమ్మా, నేను పదేండ్లు చీపురు పట్టిన. మా ఆయన ఎనక రోడ్లు ఊడ్సిన. బస్సుల కూసుంటే పక్కపొంటి మనిషి లేచి నిలవడేది. మీ నాయిన ఒకనాడు పిలిచి, కృష్ణమ్మా, గీ పూలు ఏడ వడితే ఆడ ఏస్తున్రు, కాళ్ళ కింద వడుతున్నయ్, జెర జాగ్రత్త చెయ్యి అన్నడు. గా పొద్దు చీపురు కింద వెట్టిన. ఇరవై రెండేండ్లాయె. ఇప్పుడు నాది చెత్త పని అని వేలు ముద్ర గొట్టుమంటవా?"

"వేలిముద్ర కాదు, నీకు సంతకం వచ్చు కదా."

"సంతకం గిందుకు నేర్సుకోలే," అంది.

నేను ఇంటికి వచ్చేశాను. కోపం ఆమె మీద వచ్చింది. మంచి చెప్తే వినకపోతే నేనేం చేయను.

ఆగస్టు 18, సోమవారం

ఇవాళ ఏమీ రాయను.

ఆగస్టు 21, గురువారం

దారి దొరికింది. మొన్నటి నుంచీ ఎందుకు తట్టలేదో.

గుడికి అనుబంధంగా ఉన్న స్థలాలకు మా పట్టికలో వేరే వరస ఉంది. కోనేరు, పూలతోట, రథశాల అలాంటివి. 61 నంబరును "ఆలయ నిర్మాల్య స్థలం" అని ఆ వరసలో వేస్తే సరి. చెత్త అన్న మాటే రాదు. అన్నయ్య సంతకం పెడతాడు, కృష్ణమ్మ పెట్టక్కర్లేదు. జాగ ఖాళీ కాదు కనుక కేంద్రం వేరే వార్డుకు పోతుంది. నమూనా మా వార్డులో కట్టిస్తానన్న నా గొప్ప పోతుంది, పోనీ.

ఇంకో మంచి సంగతి. రంగు ఎవరు వేశారన్న ప్రశ్న రాదు. గుడి వాళ్ళు వివరం ఇచ్చారు, సరిచేశాం అంటే అయిపోతుంది.

ఆగస్టు 22, శుక్రవారం

అన్నయ్య చదివి, కళ్ళజోడు తుడుచుకుని, ఇంకోసారి చదివి సంతకం పెట్టాడు. "ఇప్పుడు తెలివైన పని చేసినవ్," అన్నాడు. చిన్నప్పటి నుంచీ ఆయన నోట ఆ మాట విన్న గుర్తు లేదు. మస్తు ఖుషీ అయింది.

వదిన మాత్రం, "కృష్ణమ్మను అడిగిన్రా?" అంది. ఆమె జాగ నిలబెట్టడానికి ఆమెను అడగడం ఎందుకు.

ఆగస్టు 25, సోమవారం

సవరణ ఒప్పుకున్నారు. అమరనాథ్ గారు మొహం మాడ్చుకున్నారు. కృష్ణమ్మకు చెప్పాను, నీ జాగకు ఏం కాదని. రెండు చేతులూ జోడించింది. నాకు సిగ్గేసింది, ఎందుకో తెలియదు. లోపల సంతోషంగానే ఉంది.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. పత్రి, పూలు, జనం. కాళ్ళు లాగేస్తున్నాయి.

ఆగస్టు 31, ఆదివారం

గుడి కమిటీ వాళ్ళు జాగ చుట్టూ ఇనుప జాలీ వేయించారు. పటంలో ఎక్కింది కదా, ఇక గుడి ఆస్తిని కాపాడుకోవాలట. గేటు పెట్టారు. తాళం వేశారు. తాళంచెవి అన్నయ్యకు ఇచ్చారు, ఆయన వంటింట్లో మేకుకు తగిలించాడు.

కుక్కలు రావు, బయటి వాళ్ళు చెత్త పడేయరు. ఒక రకంగా మంచిదే.

సెప్టెంబర్ 1, సోమవారం

పొద్దున ఆరింటికి కృష్ణమ్మ మా గడప బయట నిలబడింది. తాళంచెవి కోసం. ఇన్నేళ్ళలో ఆమె మా ఇంటికి అలా వచ్చి నిలబడటం మొదటిసారి చూశాను. వదిన స్నానంలో ఉంది, అన్నయ్య గుడికి పోయాడు. నేను లేచి ఇచ్చేసరికి పావుగంట.

సెప్టెంబర్ 3, బుధవారం

మళ్ళీ నిలబడింది. "పంతులు, చెవి నా కాడుంచరాదుండ్రి," అని అడిగిందట అన్నయ్యను. కమిటీ ఒప్పుకోదన్నాడట. "పనైనంక మల్ల తెచ్చి ఇయ్యాలె, గుడి ఆస్తి గద," అన్నాడట.

ఇదంతా కుదురుకుంటుంది. కొత్తలో ఏదైనా ఇంతే.

సెప్టెంబర్ 8, సోమవారం

రాయాలనిపించడం లేదు. రాస్తాను.

నిన్న చంద్రగ్రహణం. గుడి మధ్యాహ్నమే మూశారు. గ్రహణం విడిచాక ఈ పొద్దున గుడంతా కడిగి సంప్రోక్షణ చేయాలి. దానికి ముందు పాత పువ్వు ఒక్కటి కూడా గర్భగుడిలో మిగలకూడదు. మొన్న నిమజ్జనం దండలు కూడా మండపాల నుంచి గుడికే తెచ్చి పడేశారు. నలభై గంపలకు పైనే ఉంటాయి.

నిన్న పొద్దున నేను టేపు పట్టుకుని 61 నంబరు కొలవడానికి పోయాను. సవరణలో కొలతలు కావాలన్నారు. తాళం వేసి, చెవి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. ఈ పొద్దున త్వరగా ఆఫీసుకు పోయాను. మెట్రో దిగి కార్డు కోసం చెయ్యి పెడితే చేతికి తాళంచెవి తగిలింది.  ఇంటికి ఫోన్ చేస్తే వదిన ఎత్తలేదు. అన్నయ్య మడిలో ఉంటాడు, ఫోన్ ముట్టడు. ఆటో పట్టుకుని వెనక్కి వచ్చేసరికి పదిన్నర.

సందు నిండా పూలు. గంపలన్నీ బయట పెట్టేశారు, గుడి కడగాలి కదా. గేటుకు తాళం. సందులో చోటు చాలక గంపలు రోడ్డు మీదికి వచ్చాయి. రాత్రి వాన పడింది, రోడ్డంతా నీళ్ళు. ఆటోలు, స్కూలు వ్యాన్లు, నీళ్ళ ట్యాంకరు. బంతిపూలు టైర్లకు అంటుకుని తిరుగుతున్నాయి. జనం వాటి మీంచే నడుస్తున్నారు, పాపం ఎటు పోతారు.

కృష్ణమ్మ రోడ్డు మధ్యలో కూర్చుని చేత్తో ఎత్తుతోంది. చెప్పులు గోడ దగ్గర విప్పి ఉన్నాయి. భిక్షపతి ముసలాయన అటు చివర నిలబడి బండ్లను ఆపుతున్నాడు, హార్న్ కొట్టిన వాళ్ళ చేత తిట్లు తింటున్నాడు. అన్నయ్య తడి బట్టలతో గుడి గడప మీద నిలబడిపోయాడు. మడిలో ఉన్నాడు, రోడ్డు మీదికి రాలేడు. స్వామి మెడలోని పువ్వు బండి చక్రం కింద పడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు.

నేను తాళం తీశాను. ఆమెతో కలిసి ఎత్తాను. రెండు గంటలు పట్టింది. సగానికి సగం బురద.

అయిపోయాక ఆమె కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ మెల్లగా అంది. గొంతు పెంచలేదు.

"ఇన్నేండ్లు గీ జాగ ఎవల్దీ కాకుండె. గందుకే నేను చేసుకున్న, ఎవల్ని అడగలే. నువ్వు నా దిక్కు మాట్లాడినవ్ అనుకున్న గోదమ్మా. మీ దిక్కు మాట్లాడుకున్నవ్."

 ఖాళీ గంపలు బోర్లించి వచ్చేశాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

ముందు పేజీలు చదివాను. ఆగస్టు నాలుగున "షీటు పంపించేశాక గుర్తొచ్చింది" అని రాసుకున్నాను. నా డైరీ, ఎవరూ చదవరు. అయినా అబద్ధమే రాశాను.

రంగు వేసేటప్పుడే తెలుసు. చిత్రం పెద్దది చేసి చూస్తే గుంతల మధ్య ఆమె వదిలిన సన్న దారి కూడా కనపడింది. ఆ దారి మీద ఒక చుక్క ఉంది, అది ఆమే. మధ్యాహ్నం ఎండలో వంగి ఉన్న మనిషి. చూశాను, చిన్నది చేశాను, బూడిదరంగు వేశాను.

ఖాళీ జాగ లేదంటే నమూనా వేరే వార్డుకు పోయేది. గోదా తెచ్చిన నమూనా అని అమరనాథ్ గారు అందరి ముందూ అనేవారు కాదు. అంతే. ఇంకే కారణమూ లేదు. ఆ తర్వాత గుడి పేరు మీద వేసింది కూడా ఆమె కోసం కాదు, రంగు వేసిన చెయ్యి కనపడకుండా ఉండటానికి. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

రేపు ఆఖరు రోజు.

సెప్టెంబర్ 10, బుధవారం

ఏడింటికే కృష్ణమ్మ ఇంటికి పోయాను. మంచం వాల్చి కూర్చోమంది. భిక్షపతి టీ పెట్టాడు. ముందు ఆ సంగతి చెప్పేశాను. రంగు వేసింది నేనే, తెలిసే వేశాను, నిన్ను చూసి కూడా వేశాను అని.

ఆమె నా మొహం చాలాసేపు చూసింది. "నేను అగుపడ్డనా పైకెల్లి?" అంది.

"చుక్కలాగ."

"ఏం జేస్తున్న?"

"వంగి ఉన్నావు. దారం తీస్తున్నావేమో."

"గదే జేస్తుంట," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అభ్యంతరం ఫారం తీశాను. నేను రాస్తాను, నువ్వు చెప్పిందే రాస్తాను అన్నాను. మొదటి గడి "వ్యర్థం రకం".

"వ్యర్థం అంటే ఏంది?"

"పనికిరానిది."

"పనికొస్తది గద. రైతులు బండ్లు గట్టుకొని వస్తున్రు. కొట్టెయ్ దాన్ని."

అచ్చులో ఉన్న మాటను కొట్టేసి పైన "నిర్మాల్యం" అని రాశాను. తర్వాత "రోజుకు ఎంత". ఆమెకు కిలోలు తెలియవు, సంచులు తెలుసు. మామూలు రోజుల్లో తొమ్మిది సంచులు, శుక్రవారం శనివారం పదహారు, శ్రావణంలో ముప్పై, చవితి తర్వాత లెక్కలేదు. మన గుడి ఒక్కటే కాదు, చుట్టుపక్కల పదకొండు గుళ్ళవి వస్తాయట. నాకు ఈ సంగతే తెలియదు. ఇరవై రెండేళ్ళు కిటికీలోంచి చూశాను.

"వృత్తి".

"రాయి. పూల పని."

"వాడుతున్నవారు" అన్న గడిలో కృష్ణమ్మ అని రాశాను. ఆమె సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం ఆగి ఆగి, నాలుక బయటపెట్టి, మూడు నిమిషాలు.

కింద నా వాంగ్మూలం రాశాను. ఈ షీటుకు రంగు వేసింది నేను, స్థలం వాడుకలో ఉందని తెలిసే ఖాళీగా చూపించాను, ఇప్పుడు గుడి పేరు కూడా తీసేయాలి అని.

ఆఫీసులో అమరనాథ్ గారు చదివి తలుపు వేశారు. "'పొరపాటున' అని రాయండి గోదా గారూ, చాలు. తెలిసే వేశానంటే మీరు చేసిన మిగతా ముప్పై షీట్లు ఎవరు నమ్ముతారు? మిమ్మల్ని ఎట్ల ఉంచమంటారు?"

ఆయన అన్నదీ నిజమే. ఒక్క మాట మారిస్తే ఉద్యోగం ఉంటుంది. పెన్ను చేతిలోనే ఉంది. మార్చలేదు. అభ్యంతరాల రిజిస్టరు రాసేది కూడా నేనే కనుక నేనే ఎక్కించాను. మా వార్డు, అభ్యంతరం నంబరు ఒకటి.

ఇంట్లో అన్నయ్యకు చెప్పాను. గుడి పేరు తీసేయమని అర్జీ పెట్టానని. కంచం ముందు నుంచి లేచిపోయాడు.

సెప్టెంబర్ 13, శనివారం

అన్నయ్య మాట్లాడటం లేదు. ఏదైనా చెప్పాలంటే వదినతో చెప్పి పంపుతున్నాడు. తాళంచెవి మాత్రం రోజూ ఆరింటికి ముందే గడప మీద పెట్టి ఉంటోంది. నేను పెట్టడం లేదు, వదినా పెట్టడం లేదు.

సెప్టెంబర్ 18, గురువారం

విచారణ. చిన్న హాలు, ఏసీ, నీళ్ళ సీసాలు. విచారణాధికారి మా ఆఫీసు మనిషి కాదు, నెమ్మదస్తుడు. గోడ మీద మా వార్డు షీటు, పక్కన కొత్త నగరం పటం, పద్నాలుగు కేంద్రాలూ ఆకుపచ్చ చుక్కలు.

గుడి తరఫున ఎవరని పిలిచారు. ఎవరూ రాలేదు. అన్నయ్యకు నోటీసు అందింది, నేనే చూశాను. మూడుసార్లు పిలిచి రాసుకున్నారు.

గుడి పేరు పోతే జాగ మళ్ళీ కేంద్రానికి పనికొస్తుందని అమరనాథ్ గారి ఆశ. యంత్రం గురించి వివరించారు. పూలు ఒక వైపు వేస్తే నలభై నిమిషాల్లో పొడి, ఈమె చేసే పని నలభై రోజులు పడుతుంది అన్నారు. బొమ్మ కూడా చూపించారు. అధికారి కృష్ణమ్మ వైపు తిరిగి, మీరేమైనా అడుగుతారా అన్నారు.

ఆమె లేచింది. కొత్త చీర కట్టుకొచ్చింది. బొమ్మను దగ్గరగా పోయి చూసింది.

"మిషన్ మంచిగనే ఉన్నది సారు. దారం ఎవరు తీస్తరు?"

"దారం?"

"దండల దారం. గిప్పుడు నైలాన్ది వస్తున్నది. గది తియ్యకుంట ఏస్తే మిషన్‌కు చుట్టుకుంటది. చుట్టుకోకున్నా ఎరువుల వస్తది, చేన్ల వడ్తది, గొడ్లు తింటయ్. తీసెటోళ్ళు ఏడ కూసుంటరు? గీ బొమ్మల కూసునే జాగ లేదు."

అమరనాథ్ గారు కాగితాలు తిప్పారు. వెనక కూర్చున్న అంజన్ నెమ్మదిగా లేచి, వేరే ఊళ్ళో పెట్టిన యంత్రం మూడుసార్లు దారం చుట్టుకునే ఆగిందని చెప్పాడు. వాడికి ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

అధికారి కాసేపు కొత్త నగరం పటం చూశారు. పద్నాలుగు చుక్కల్లోనూ కూర్చునే జాగ లేదు. పట్టికలో పూలు సున్నా కదా, మరి ఎందుకుంటుంది. ఆ సున్నా మా వార్డు ఫారాల్లోంచే అక్కడికి చేరింది.

తర్వాత అడిగారు. "ఈ షీటు ఎవరు వేశారు?"

"నేనే," అన్నాను. లేచి నిలబడ్డాను. మిగతాది కాగితంలో రాసిందే చెప్పాను. 

61 నంబరు "నిర్మాల్యం ఎరువు స్థలం, వాడుతున్నవారు కృష్ణమ్మ" అని రాయమన్నారు. గుడి పేరు కొట్టేశారు. జాలీ ఉండొచ్చు, తాళంచెవి వాడుతున్న మనిషి దగ్గర ఉండాలి అన్నారు. కొత్త నగరం పట్టికలో పూలకు వేరే వరస వేసి, దారం తీసేవాళ్ళకు నీడా జాగా చూపించి మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఎన్ని గజాలు కావాలో ఆమెను అడిగి రాయమన్నారు.

మెట్ల మీద కృష్ణమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీ నౌకరి?" అంది.

"ముప్పై దాక ఉంది."

 బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఎవరూ లేవలేదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

కాంట్రాక్టు పొడిగించడం లేదని కాగితం ఇచ్చారు. మర్యాదగానే ఇచ్చారు. నాకు బాధగా ఉంది. లేదని రాయను.

మేకు మీది తాళంచెవి నేనే తీసుకుపోయి కృష్ణమ్మకు ఇచ్చాను. కొంగున కట్టుకుంది.

సెప్టెంబర్ 22, సోమవారం

నిన్న ఎంగిలిపూల బతుకమ్మ. ఈ పొద్దున గుడిలో పువ్వు చాలా ఉంది. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను.

అన్నయ్య సందులోకి వచ్చాడు. గంప తానే ఎత్తుకుని వచ్చాడు. ఇరవై రెండేళ్ళలో గుడి వెనక్కి ఆయన గంప మోయడం నేను చూడలేదు. గేటు లోపలి నుంచి గడియ వేసి ఉంది. కృష్ణమ్మ నీడలో కూర్చుని దండ ఒళ్ళో పెట్టుకుని ఉంది.

అన్నయ్య చెప్పులు విప్పాడు. పిలవలేదు. గేటు తట్టలేదు. గంప నెత్తి మీద పెట్టుకుని నిలబడ్డాడు.

కృష్ణమ్మ చూసింది. "వస్తున్న పంతులు, గీ ఒక్క దండ," అంది.

"కానియ్," అన్నాడు అన్నయ్య.

ఆమె తొందరపడలేదు. దారం చివరిదాకా లాగి, ఉండ చుట్టి, రేకులు గుంతలో వేసి, అప్పుడు లేచింది. అంతసేపూ అన్నయ్య గేటు బయట నిలబడే ఉన్నాడు.